అప్పాయమ్మ చేతి బొట్టు

అనగనగా గవ్వలపేట అని ఓ ఊరు. అలా జరుగు, కాళ్ళు ముడుచుకో, ఆ దుప్పటి నాకూ కాస్త ఇవ్వు. ఊఁ కొడుతుండాలి, తెలిసిందా? నువ్వు ఊఁ కొట్టడం ఆపేస్తే నిద్రపోయావనుకుని నేనూ పడుకుంటాను. గవ్వలపేటలో గవ్వలేమీ ఉండవు, మధ్యలో అది మాత్రం అడక్కు.

ఆ ఊళ్ళో అప్పాయమ్మ అనే అత్త, చిలకమ్మ అనే కోడలు ఉండేవాళ్ళు. అత్తాకోడళ్ళంటే పొద్దస్తమానం పోట్లాడుకుంటారని నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వీళ్ళూ పోట్లాడుకునేవాళ్ళు. చట్నీలో ఉప్పెక్కువైందని ఒకరు, నీ నాలుక పాడైందని ఒకరు. కానీ ఒకరు తినకుండా ఇంకొకరు కంచం ముందు కూర్చునేవాళ్ళు కాదు.

చిలకమ్మ మొగుడు లారీ తోలుకుంటూ ఎక్కడెక్కడికో పోయి, నెలకోసారి ఇంటికొచ్చేవాడు. వాళ్ళకి మూడేళ్ళ పాప. పేరేమో పారిజాతం, పిలిచేదేమో పారూ అని. ఆ పిల్లకి నానమ్మ చెయ్యి వీపు మీద ఉంటేనే నిద్ర. చెయ్యి తీస్తే చాలు, లేచి కూర్చుని కిటికీలూ తలుపులూ అదిరేలా ఏడ్చేది. నీలాగే అన్నమాట. నవ్వకు, నీ సంగతి నాకు తెలీదా?

ఆ ఇంటి అరుగు మీద పొద్దున్నే ఇడ్లీ, పెసరట్టు వేసి అమ్మేవాళ్ళు. పిండి రుబ్బేది అప్పాయమ్మ. రుబ్బురోలు ముందు కూర్చుని, పొత్రం గిరగిరా తిప్పుతుంటే, ఆ చప్పుడు వినే వీధిలోవాళ్ళు లేచేవాళ్ళు. ముప్పై ఏళ్ళు రుబ్బింది తల్లీ, ముప్పై ఏళ్ళు. అన్నేళ్ళు రుబ్బితే వేళ్ళేమవుతాయి? కణుపులన్నీ వాచిపోయి పసుపు కొమ్ముల్లా అయ్యాయి. రాత్రి అన్నం కలుపుకోడానికి కూడా వేళ్ళు ముడుచుకునేవి కావు. అయినా ఎవరైనా అడిగితే, "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అనేది.

చిలకమ్మ అది చూసి ఊరుకోలేకపోయింది. ఏడాది పాటు కొత్త చీర కొనలేదు, సినిమాకి పోలేదు, జాకెట్టు చిరిగితే కుట్టుకుని తొడుక్కుంది. ఆ తర్వాత ఒక రోజు చలమయ్య కొట్టుకి వెళ్ళి కరెంటు గ్రైండరు కొనుక్కొచ్చింది. గవ్వలపేట మొత్తానికి సామాన్ల కొట్టు అదొక్కటే. స్టవ్వు కావాలన్నా, ఫ్యాను కావాలన్నా, ఇస్త్రీ పెట్టె కావాలన్నా చలమయ్య దగ్గరికే పోవాలి.

గ్రైండరు ఇంటికొచ్చింది. తెల్లగా, బొద్దుగా, మూతా గీతా పెట్టుకుని పెళ్ళికొడుకులా కూర్చుంది.

మన ఇళ్ళల్లో కొత్త వస్తువొస్తే ముందు ఏం చేస్తాం? పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతాం. మొన్న నాన్న బండికి పెట్టలేదూ? అలాగే. గవ్వలపేటలో అయితే అది మరీ పట్టింపు. బొట్టు పెట్టకుండా కొత్త చీపురుతో కూడా ఊడ్చేవాళ్ళు కాదు.

అప్పుడు చిలకమ్మ కుంకుమ భరిణె తెచ్చి అత్త చేతికిచ్చింది. "నువ్వు పెట్టు అత్తా" అంది.

అప్పాయమ్మ రెండడుగులు వెనక్కేసింది. ఎందుకంటే ఆవిడ భర్త పోయాడు. భర్త పోయిన ఆడదాని చేత శుభానికి బొట్టు పెట్టించకూడదని ఓ పాత పట్టింపు ఉంది. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నన్నడక్కు. అడిగితే నాకు కోపమొస్తుంది, కథ ఆగిపోతుంది.

"నేను పెట్టకూడదే. వీధిలో ఎవరినైనా పిలువు" అంది అప్పాయమ్మ.

"ఇది ఎవరి చేతుల కోసం తెచ్చాను? నీ చేతుల కోసం. నీ చెయ్యే పడాలి" అంది చిలకమ్మ. ఇక కదల్లేదు, ఆ భరిణె అలా చాచి నిలబడింది.

అప్పుడు అప్పాయమ్మ వణుకుతూ గ్రైండరు నుదుట పసుపు రాసి, ఉంగరపు వేలితో కుంకుమ బొట్టు పెట్టింది. యంత్రానికి నుదురెక్కడుంటుందంటావా? పైన మూత కింద, అక్కడే అనుకో. ఆయన పోయాక పదకొండేళ్ళకి కుంకుమ ముట్టుకోవడం అదే. కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి ఆవిడకి, సంతోషంతో.

ఆ తర్వాత నానబెట్టిన మినప్పప్పు పోసి స్విచ్చి వేశారు. గ్రైండరు ఒకసారి గుర్రుమంది. రెండోసారి మూలిగింది. మూడోసారి పొగ కక్కి ఆగిపోయింది.

పారూ ఒక్కతే చప్పట్లు కొట్టింది, పొగ బాగుందని.

చిలకమ్మ దాన్ని రిక్షాలో ఎక్కించుకుని చలమయ్య కొట్టుకి తీసుకెళ్ళింది. అప్పాయమ్మ కూడా వెంట వెళ్ళి వెనకాల నిలబడింది.

"బాబాయ్ గారూ, ఇది ఒక్క వాయి కూడా రుబ్బలేదు. మార్చి ఇవ్వండి" అంది చిలకమ్మ.

చలమయ్య కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. "బొట్టు పెట్టేశారుగా అమ్మాయ్. బొట్టు పెట్టారంటే వాడినట్టే. మా కొట్లో వెనక్కి తీసుకోం" అన్నాడు.

"బొట్టు పెట్టకుండా ఎలా వాడతాం? వాడకుండా పాడైందని ఎలా తెలుస్తుంది?" అంది చిలకమ్మ.

జవాబు లేనప్పుడు మనుషులు ఇంకో ప్రశ్న వేస్తారు, గమనించు. "ఇంతకీ బొట్టు ఎవరు పెట్టారు?" అని అడిగాడు.

"మా అత్త."

చలమయ్య వెనకాల ఉన్న అప్పాయమ్మని చూశాడు. "అదీ సంగతి" అన్నాడు. అంతే అన్నాడు. ఆ తర్వాత తల దించుకుని తాళ్ళు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

అప్పాయమ్మ చేతులు రెండూ కొంగులో దాచేసుకుంది.

ఆ రోజు నుంచీ ఆవిడ దేన్నీ ముట్టుకోవడం మానేసింది. పిండి ముట్టుకోదు, నలుగురూ తినేది కదా అని. పూలు గుచ్చదు. ముగ్గు వెయ్యదు. రాత్రి పారూ వచ్చి వీపు చూపించి పడుకుంటే, "మీ అమ్మ దగ్గరికి పోవే" అని గోడ వైపు తిరిగేది. పాప ఏడ్చి ఏడ్చి పడుకునేది. గోడ వైపు తిరిగిన ఆవిడ కూడా ఏడ్చేది, కానీ చప్పుడు రానిచ్చేది కాదు.

చిలకమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. తనే కదా బలవంతంగా భరిణె చేతికిచ్చింది? గ్రైండరు పోతే పోయింది, మళ్ళీ రోట్లో రుబ్బుకుంటాం. అత్త చెయ్యి చెడ్డదన్న మాట మాత్రం ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదు అనుకుంది. మాట వచ్చిన చోటే దాన్ని వదిలేసి రావాలనుకుంది.

అప్పుడు ఏం చేసిందో తెలుసా? చింతపండు పెట్టి ఆ బొట్టు తోమేసింది. తోమి, తుడిచి, కొత్తదానిలా చేసి రెండోసారి తీసుకెళ్ళింది. బొట్టు లేదు కదా, ఇంకేమంటాడులే అనుకుంది. తప్పే, నేను కాదనను. కానీ కోపంలో ఉన్న మనిషి ముందు తప్పు చేసి తర్వాత ఆలోచిస్తుంది.

చలమయ్య మూత తీసి వేలితో చూపించాడు. తెల్ల ప్లాస్టిక్కు మీద పసుపు. కుంకుమ పోయింది గానీ పసుపు ఎక్కడ పోతుంది? నీ తెల్ల గౌను మీద పప్పు మరక పోయిందా? అలాగే ఉండిపోయింది పచ్చగా. కొట్లో ఉన్నవాళ్ళు నవ్వారు. చిలకమ్మ మొహం కందగడ్డలా అయిపోయింది.

దారిలో పుష్కరమ్మ ఎదురైంది. పుష్కరమ్మంటే గవ్వలపేటలో పెద్ద ముత్తైదువ. ఏడుగురు పిల్లలు, మెడ నిండా పసుపు, నుదుట రూపాయంత బొట్టు. ఊళ్ళో ఎవరింట్లో శుభకార్యమైనా ముందు ఆవిడ్నే పిలుస్తారు. రిక్షాలో గ్రైండరు చూసి, అటూ ఇటూ చూసి, చిలకమ్మ చెవి దగ్గరికొచ్చింది.

"మాదీ పోయిందే" అంది గుసగుసగా.

"ఏంటి పిన్నీ?"

"ఇస్త్రీ పెట్టె. చలమయ్య కొట్లోదే. మొదటి చొక్కాకే మాడిపోయింది. అటక మీద పడేశాను. ఎవరితో చెప్పకు, బొట్టు పెట్టిన వస్తువు పోయిందంటే ఇంటికి మంచిది కాదంటారు."

"దానికి బొట్టు ఎవరు పెట్టారు పిన్నీ?"

"ఇంకెవరు, నేనే."

చిలకమ్మ రిక్షా దిగింది. నడిరోడ్డు మీద నిలబడి ఆలోచించింది. ఆ తర్వాత గ్రైండరు ఇంట్లో దించి, వీధిలోకి బయల్దేరింది.

డ్రాయింగు మేష్టారి ఇంటికి వెళ్ళింది. ఉత్తినే మజ్జిగ తాగడానికొచ్చినట్టు కూర్చుని, మెల్లిగా అడిగింది. మేష్టారి భార్య మొదట లేదు లేదంది. తర్వాత కళ్ళు తుడుచుకుంటూ అటక చూపించింది. కొత్త స్టవ్వు, వత్తి కూడా నల్లబడలేదు. పంతులు గారు ముహూర్తం చూసి స్వయంగా బొట్టు పెట్టిన స్టవ్వు అది. కిరసనాయిలు పోసిన రోజే కారిపోయింది.

అప్పుడు మూడో ఇంటికి వెళ్ళింది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. పెళ్ళి గోరింటాకు ఇంకా వెలవని చేత్తో బొట్టు పెట్టిన టేబులు ఫ్యాను, దానికి తిరగడం తప్ప అన్నీ వచ్చు. "నా అడుగు మంచిది కాదేమో అక్కా, అందుకే మా అత్తగారికి కూడా చెప్పలేదు" అంది ఆ పిల్ల. వాళ్ళత్తగారు వంటింట్లోంచి వచ్చి, "ఓసి పిచ్చిదానా, కొన్న నా చేతిది తప్పేమోనని నేనూ నీకు చెప్పలేదు" అంది.

చూశావా? అందరి అటకల మీదా ఉంది సామాను. ఎవరికి వాళ్ళు తమ చెయ్యే అనుకున్నారు, తమ అడుగే అనుకున్నారు. సిగ్గుపడి, నోరు మూసుకుని, దుప్పటి కప్పేశారు. ఒకరితో ఒకరు చెప్పుకుని ఉంటే ఏనాడో తెలిసేది. నువ్వు మాత్రం అలా ఉండకు. నీకేదైనా చెడ్డ వస్తువు అంటగడితే, నాతో చెప్పు, అమ్మతో చెప్పు, ఎదురింటి వాళ్ళతో కూడా చెప్పు.

చిలకమ్మ అందరినీ బతిమాలింది. "ఒక్క పూట దించండి. మా అరుగు మీద పెట్టండి. పోయేదేముంది, పోవాల్సింది పోనే పోయింది" అంది.

మర్నాడు అరుగు మీద సామాను వరసగా కూర్చుంది. ఇస్త్రీ పెట్టె, స్టవ్వు, ఫ్యాను. వాటిని చూసి ఇంకొకరు మిక్సీ తెచ్చారు. ఇంకొకరు నీళ్ళు కాచే హీటరు. పడమటి వీధిలోంచి ఓ పెద్దాయన రేడియో భుజాన పెట్టుకుని నడిచొచ్చాడు. అన్నిటికీ బొట్లే. అరుగు నిండా పేరంటానికొచ్చినట్టు బొట్లు పెట్టుకుని కూర్చున్నాయి, ఒక్కదానికీ పని రాదు.

అప్పుడు చిలకమ్మ లోపలికి వెళ్ళి అత్తని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అప్పాయమ్మ చేతులు లాక్కోబోయింది. చిలకమ్మ వదల్లేదు.

"చూడత్తా. ఇది పుష్కరమ్మ పిన్ని పెట్టిన బొట్టు. ఇది పంతులు గారు పెట్టింది. ఇది కొత్త పెళ్ళికూతురు పెట్టింది. వీటిల్లో నువ్వు దేనికి పెట్టావు?"

అప్పాయమ్మ ఒక్కొక్కదాన్నే చూసుకుంటూ నడిచింది. చివరికొచ్చి తన గ్రైండరు దగ్గర ఆగింది.

"అయితే నాదీ వీటిల్లో ఒకటేనా?" అంది.

"ఒకటే."

అప్పాయమ్మ అరుగు అంచున కూర్చుండిపోయింది. పారూ వచ్చి మామూలుగా వీపు తిప్పి ఒళ్ళో పడుకుంది, పట్టపగలు. అప్పాయమ్మ చెయ్యి గాల్లో కాసేపు ఆగింది. తర్వాత పాప వీపు మీదికి దిగింది. చిలకమ్మ అది చూడనట్టు లోపలికి వెళ్ళి, పొయ్యి దగ్గర కూర్చుని కరువుతీరా ఏడ్చింది.

ఊఁ ఏదీ? హమ్మయ్య, మేలుకునే ఉన్నావు. ఇప్పుడు ఊరంతా కలిసి చలమయ్య కొట్టుకి వెళ్ళారు. చిలకమ్మ మూడోసారి వెళ్ళడం అది. ఈసారి కొట్టు ముందు నిలబడే చోటు లేదు.

చలమయ్య తనని కొడతారేమోనని భయపడ్డాడు పాపం. ఎవరూ కొట్టలేదు. పుష్కరమ్మ మాత్రం నడుం మీద చెయ్యేసుకుని, "మా చేతుల మీద నింద వేసి ఇన్నాళ్ళూ పబ్బం గడుపుకున్నావు కదయ్యా" అంది.

చలమయ్య లేచి, కొట్టు వెనక గది తలుపు తీశాడు.

లోపల నేల నుంచి దూలం దాకా పెట్టెలు. విప్పని పెట్టెలు కొన్ని, విప్పి మళ్ళీ కట్టినవి కొన్ని. ప్రతి పెట్టె మీదా పసుపు, కుంకుమ.

"పట్నం నుంచి సరుకు దిగ్గానే పెట్టె పెట్టెకీ బొట్టు పెట్టి, హారతిచ్చి, అప్పుడు లోపల పెట్టుకోవడం మా నాన్న నాటి అలవాటు" అన్నాడు. "తర్వాత పాడైనవని తెలిసి వెనక్కి పంపితే ఏజెంటు తీసుకోడు. పెట్టె మీద మరకలున్నాయి, ఇంకో కొట్టుకి పంపలేం, బొట్టు పెట్టావంటే నీదే అంటాడు. నాతో వాడన్న మాటే మీతో నేనన్నాను."

గవ్వలపేట వాళ్ళ మీద ఆ ఏజెంటు ఎలా బతికాడో అర్థమైందా? ఎక్కడా చెల్లని సరుకు ఏరి ఏరి ఇక్కడికే పంపేవాడు. చలమయ్య విప్పకుండానే బొట్టు పెడతాడు, ఇక నోరెత్తడు. కొన్నవాళ్ళు వాడకుండానే బొట్టు పెడతారు, వాళ్ళూ నోరెత్తరు. భక్తి మనది, లాభం వాడిది.

చిలకమ్మకి కోపం సగం పోయింది, నవ్వు సగం వచ్చింది. "బాబాయ్ గారూ, ఈసారి సరుకొస్తే పెట్టె విప్పి, తిప్పి చూసి, పని చేస్తేనే బొట్టు పెడదాం. మేమూ వస్తాం సాయానికి" అంది.

"బొట్టు పెట్టకుండా సరుకు విప్పడమా? దేవుడికి కోపం రాదూ?" అన్నాడు చలమయ్య. నిజంగానే భయపడ్డాడు.

"పాడైన సామాను తెచ్చి దేవుడి ముందు పెట్టి, చల్లగా చూడు స్వామీ అంటే మాత్రం ఆయనకి కోపం రాదా?" అంది చిలకమ్మ.

చలమయ్య దేవుడి పటం వైపు చూశాడు. దేవుడు కాదనలేదు.

ఆ తర్వాత వారానికి పట్నం నుంచి వ్యాను వచ్చింది. దాంతో ఏజెంటు మనిషొకడు వచ్చాడు. ఎప్పుడూ ఏం చేసేవాడంటే, పూజ అయ్యేదాకా కూర్చుని, కొబ్బరిచెక్క తిని, సంతకం పెట్టించుకుని పోయేవాడు. ఈసారి వచ్చేసరికి కొట్టు ముందు బల్లలు వేసి ఉన్నాయి. బకెట్ల నిండా నానిన పప్పు. ఆడవాళ్ళు కొంగులు దోపుకుని నిలబడ్డారు.

ముందు గ్రైండర్లు దించారు. అప్పాయమ్మ దూరంగా, మెట్టు మీద కూర్చుంది. చూడ్డానికొచ్చింది, అంతే. మొదటి గ్రైండర్లో పప్పు పోసి స్విచ్చి వేశారు. చక్కగా తిరిగింది. "బాగుంది బాగుంది" అన్నారు అందరూ. చలమయ్య భరిణె తియ్యబోయాడు.

"బాగుంది కాదు, నీ మొహం. రాయి తడబడుతోంది, వినబడట్లేదూ?" అంది అప్పాయమ్మ మెట్టు మీంచి.

అందరూ తిరిగి చూశారు. ఆవిడకి ఇక కూర్చోబుద్ధి కాలేదు. ముప్పై ఏళ్ళు పొత్రం తిప్పిన మనిషి, తప్పు చప్పుడు వింటూ ఎలా ఊరుకుంటుంది? చరచరా వచ్చి గ్రైండరు మీద అరచెయ్యి ఆనించింది. అంతలోనే చెయ్యి తీసేసింది.

"కణుపులు సలుపుతున్నాయి. లోపల ఏదో వదులుంది. ఇది నెల తిరక్కుండా ఆగిపోతుంది" అంది. విప్పి చూస్తే లోపల మర నిజంగానే ఊడి వేలాడుతోంది.

ఆ వాచిన వేళ్ళకి ఏ కాస్త అదురు తగిలినా నొప్పే. మనకి తెలియని వణుకు ఆవిడకి తెలిసేది. రెండో గ్రైండరు మీద చెయ్యి పెట్టింది, పక్కన పెట్టమంది. మూడోదాని మీద పెట్టింది, అదీ పక్కన పెట్టమంది. నాలుగోదాని మీద పెట్టి, చాలాసేపు ఉంచింది. మొహం మెత్తబడింది.

"ఇది మంచిది" అంది.

ఏజెంటు మనిషికి మండిపోయింది. "ఏం చలమయ్య గారూ, ఈ ముసలావిడ చెయ్యి పెడితే మా సరుకు పాడైపోయిందంటారా?" అన్నాడు.

అప్పాయమ్మ చెయ్యి మళ్ళీ కొంగు వైపు పోయింది. చిలకమ్మ నోరు తెరవబోయింది. కానీ ఆమెకంటే ముందు చలమయ్య మాట్లాడాడు.

"ఆవిడ చెయ్యి పెట్టకముందే పాడైంది బాబూ. ఆవిడ చెయ్యి పెట్టాక మాకు తెలిసింది. ఆ మూడూ వ్యానెక్కించు. వాటి మీద బొట్టుందేమో చూసుకో, లేదుగా? వెనక గదిలోవీ, ఆ అమ్మాయి అరుగు మీదవీ కూడా ఎక్కించు. అవి ఎక్కితేనే నా సంతకం" అన్నాడు.

వాడు ఎగిరాడు, దూకాడు, పట్నం ఫోను చేశాడు. గవ్వలపేట వాళ్ళు ఎవరూ కదల్లేదు. పొద్దు వాలేసరికి పాత సామానంతా వ్యానెక్కింది, బొట్లతో సహా. తర్వాతి వారం వాటి బదులు వేరేవి వచ్చాయి. అవి కూడా చెయ్యి పెట్టి చూశాకే లోపలికి రానిచ్చారులే.

అప్పటి నుంచీ గవ్వలపేటలో బుధవారం బుధవారం చిలకమ్మ అరుగు మీద అందరూ చేరేవాళ్ళు. ఏ కొత్త వస్తువు కొన్నా ముందు అక్కడ పని చేసి చూపించాలి. ఏదైనా చెడితే అక్కడే చెప్పుకోవాలి, అటక ఎక్కించకూడదు. రేడియో పెద్దాయనకి చిన్న చిన్న బాగుచేతలు వచ్చట, అన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని అరుగు చివర కూర్చునేవాడు. పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. వచ్చిన వాళ్ళకి పెసరట్టు ఎలాగూ ఉండేది.

ఆగాగు, అసలుది చెప్పడం మర్చిపోయాను. చూశావా నీ ఆవలింతలు చూసి నాకూ తొందరొచ్చింది. ఆ మొదటి రోజు, వ్యాను వెళ్ళిపోయాక ఏం జరిగిందో చెప్పాలి కదూ.

బల్ల మీద ఆ నాలుగో గ్రైండరుంది, మంచిది. దానికి బొట్టు పెట్టాలి. చలమయ్య పళ్ళెంలో పసుపు, కుంకుమ తెచ్చాడు. అలవాటు ప్రకారం పుష్కరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడే కదా పెద్ద ముత్తైదువ.

పుష్కరమ్మ పళ్ళెం ముట్టుకోలేదు. "అప్పటి ఇస్త్రీ పెట్టెకి నేనే పెట్టానయ్యా, ఏమైంది? ఏది మంచిదో చెప్పినావిడ అక్కడుంది. ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళు" అంది.

చలమయ్య పళ్ళెం పట్టుకుని అప్పాయమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు. ఊరంతా చూస్తోంది. ఈసారి చిలకమ్మ బలవంతం చెయ్యలేదు, భరిణె చేతికివ్వలేదు. దూరంగా నిలబడి చూసింది, పెట్టినా మానినా అత్త ఇష్టం.

"అప్పాయమ్మ గారూ, ఆ రోజు నేనొక మాటన్నాను" అన్నాడు చలమయ్య. మొదటిసారి గారూ అన్నాడు. చెప్పాలనుకున్నది ఇంకా చాలా ఉంది గానీ అక్కడే ఆగాడు, చేతిలో పళ్ళెం ఓ పక్కకి ఒరిగిపోయింది.

అప్పాయమ్మ అతని మొహంలోకి తిన్నగా చూసింది.

"అన్నావు. నేనూ విన్నాను" అంది. "ఆ పళ్ళెం సరిగ్గా పట్టుకో నాయనా, కుంకుమ ఒలికిపోతోంది."

అని, వాచిన వేలు కుంకుమలో ముంచి, నిండుగా, గుండ్రంగా బొట్టు పెట్టింది. ఆవిడ చెయ్యి వణకలేదు.

ఇక కళ్ళు మూసుకో. ఇదిగో, నా చెయ్యి ఇక్కడే ఉంది.

కథేమో నడిచీ నడిచీ కంచి చేరింది,
నిద్దరేమో మెల్లగా మంచం చేరింది.
కంచిలో కథమ్మకి ఇల్లు దొరికింది,
నా ఒళ్ళో చిట్టితల్లి కునుకు తీసింది.